జీలకర్ర-బెల్లం ఫోల్డర్: ఒక మిక్సింగ్ సిస్టమ్‌కి ప్రాసెసర్ ఎంచుకున్న వైనం

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో, మేడమీద రెండు గదుల స్టూడియో. పని పెళ్లి వీడియోల మిక్సింగ్ (ఎడిటింగ్), ఆల్బమ్ డిజైనింగ్. సొంతంగా తీసే పెళ్లిళ్లు కాక బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి వైపు ఫొటోగ్రాఫర్లు పంపే హార్డ్‌డిస్కులూ అక్కడికే వస్తాయి. 2022లో వాళ్లకి సిస్టమ్ అసెంబుల్ చేసి ఇచ్చింది నేనే. రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, 12 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 24 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 64 జీబీ ర్యామ్. ఎన్విడియా జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ఆ రోజు నేను గొప్పగానే చెప్పుకున్నాను, ఊళ్లో ఇంతకన్నా గట్టి మిక్సింగ్ సిస్టమ్ లేదని.

2024 జూన్ ఆఖర్లో యజమాని ఫోన్ చేశారు. "ఏటి బాబూ, నువ్విచ్చిన సిస్టమ్ అప్పుడే ముసిలిదైపోనాది. ప్లే నొక్కితే బొమ్మ ఆగాగి వస్తంది. ఈసారి ఐ9 వేసీ, డబ్బు సంగతి నేను చూసుకుంటాను."

డబ్బు సంగతి తనే చూసుకుంటానన్న కస్టమర్‌కి ఇంటెల్ వాళ్ల పెద్ద ప్రాసెసర్ ఐ9 అమ్మెయ్యడం కన్నా తేలికైన పని లేదు. కానీ 12 కోర్ల ప్రాసెసర్ రెండేళ్లకే ముసలిదవడం నాకు మింగుడు పడలేదు. పైగా ఆ వేసవిలో మూఢం వచ్చి పెళ్లిళ్లు లేవు, వెనకే ఆషాఢం. శ్రావణం ఆగస్టు 5న మొదలు. అంటే చేతిలో నెల పైనే ఉంది. ముందు చూద్దాం, తరవాత కొందాం అన్నాను.

ముసలిదైంది ఏది?

మిక్సింగ్ కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2023 నాటి పెళ్లి ప్రాజెక్టు ఒకటి తెరిపించాను. మూడు కెమెరాల టైమ్‌లైన్ నీళ్లలా పారింది. తరవాత 2024 ఫిబ్రవరి పెళ్లి తెరిచాం. జీలకర్ర-బెల్లం దగ్గర ప్లే నొక్కగానే బొమ్మ నత్తి పట్టింది. అదే సిస్టమ్, అదే సాఫ్ట్‌వేర్, అదే కుర్రాడు.

టాస్క్ మేనేజర్ తెరిచి రెండు ప్రాజెక్టులనీ మళ్లీ ఆడించాం. పాత పెళ్లికి గ్రాఫిక్స్ కార్డులోని వీడియో డీకోడ్ (వీడియోని విప్పే పని) గ్రాఫు లేచింది, ప్రాసెసర్ తీరిగ్గా ఉంది. కొత్త పెళ్లికి ఆ గ్రాఫు సున్నా దగ్గర పడుకుంది, ప్రాసెసర్ మాత్రం 90 శాతం దాటి రొప్పుతోంది.

"మధ్యలో ఏం మారింది?" అని అడిగాను.

"కెమెరాలు కొన్నాం కదా అన్నయ్యా, సంక్రాంతికి" అన్నాడు.

కొన్నవి సోనీ ఏ7-4లు రెండు. కాండిడ్ తీసే యజమాని కొడుకు వాటిని ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లో, 4కే, సెకనుకు 50 ఫ్రేములు, 4:2:2, 10 బిట్‌లో పెట్టాడు. జబ్బు అక్కడే ఉంది.

కొంచెం విడమరిచి చెప్పాలి. కెమెరా కార్డులో ఉండే వీడియో ఇస్త్రీ చేసి పరిచిన బట్ట కాదు, గట్టిగా మడతపెట్టిన పట్టుచీర. చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలుగా ఉండవు, ముందూ వెనకా ఉన్న ఫ్రేముల నుంచి ఏం మారిందో మాత్రమే రాసి ఉంటుంది. టైమ్‌లైన్‌లో ఎక్కడ వేలుపెట్టినా, దగ్గర్లోని పూర్తి ఫ్రేము నుంచి మడతలు విప్పుకుంటూ రావాలి. ఇలా మడతపెట్టే పద్ధతుల్లో హెచ్.264 పాతది, హెచ్‌ఈవీసీ కొత్తది. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ వాడేది ఈ రెండోదాన్నే. హెచ్.264 మడత కన్నా హెచ్‌ఈవీసీ మడత ఇంకా బిగువు. అందుకే ఫైలు చిన్నది, విప్పే శ్రమ పెద్దది. ఇక 4:2:2 అంటే రంగుల సమాచారం 4:2:0 కన్నా రెట్టింపు ఉంటుంది. 10 బిట్ అంటే ఒక్కో రంగుకి 256 మెట్ల బదులు 1024. హల్దీ పసుపు మీద గ్రేడింగ్ (రంగులు దిద్దడం) చేసేవాడికి ఇవి పండగే.

ఈ మడత విప్పే, తిరిగి పెట్టే పనికి చిప్పుల్లో విడిగా ఒక చిన్న యంత్రం ఉంటుంది. ఇంటెల్‌వాళ్లు దాన్ని క్విక్ సింక్ అంటారు, 2011 నుంచి ఉంది. ఎన్విడియా కార్డుల్లోనూ అలాంటిది ఉంది. కానీ ఏ యంత్రానికి ఏ మడత తెలుసన్నదే అసలు ప్రశ్న. 1660 సూపర్‌కి 8 బిట్ హెచ్.264 తెలుసు, 10 బిట్ హెచ్‌ఈవీసీ కూడా తెలుసు, అది 4:2:0 అయితే. 4:2:2 తెలియదు. తెలియకపోతే ఆ పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. 5900ఎక్స్‌లో ఆ యంత్రమే లేదు, బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగమే అందులో లేదు మరి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి 11వ తరం నుంచి హెచ్‌ఈవీసీ 4:2:2 10 బిట్ విప్పడం వచ్చు.

హార్డ్‌డిస్కు మీద కూడా అనుమానం పోవచ్చు. లెక్క వేసి చూశాం. సెకనుకు 200 మెగాబిట్ల రికార్డింగ్ అంటే సెకనుకు 25 ఎంబీ, గంటకు 90 జీబీ. మూడు కెమెరాలు కలిపినా సెకనుకు 75. వాళ్ల ఎస్‌ఎస్‌డీకి అదొక లెక్క కాదు. డిస్కు నిర్దోషి.

నా తప్పు

అదే పూట ఇంకో సంగతి బయటపడింది. ట్రెడిషనల్ వీడియో, అంటే స్నాతకం నుంచి అప్పగింతల దాకా సాగే మూడు గంటల పెళ్లి, వాళ్లు ప్రీమియర్‌లో చెయ్యరు. ఎడియస్ 9 అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. మన వైపు మిక్సింగ్ గదుల్లో ఎడియస్ మీద చెయ్యి తిరిగినవాళ్లే ఎక్కువ. ఎక్స్‌పోర్ట్ పెట్టేటప్పుడు అందులో "హార్డ్‌వేర్ ఎన్‌కోడ్" అనే గడి ఉంటుంది, మడతపెట్టే పనిని ఆ విడి యంత్రానికి అప్పగించేది. వీళ్ల సిస్టమ్‌లో అది బూడిద రంగులో, నొక్కడానికి వీల్లేకుండా ఉంది. ఎడియస్ 9లో ఆ గడి వెలగాలంటే ఇంటెల్ క్విక్ సింక్ ఉండాలి. రెండేళ్లుగా వాళ్లు ప్రతి పెళ్లినీ రాత్రి ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి ఇంటికి పోతున్నారు. ఇంతే కాబోలు అనుకున్నారు, నాకెప్పుడూ చెప్పలేదు.

2022లో నేను అడగాల్సింది "ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు?" అని. నేను చూసింది సినీబెంచ్ స్కోరు. సినీబెంచ్ అనేది మాక్సన్ కంపెనీ సినిమా 4డీ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ రెండరింగ్ ఆధారంగా చేసిన పరీక్ష. కోర్లన్నిటికీ తలా ఒక ముక్క పంచిపెట్టే పని అది. త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లకి 5900ఎక్స్ ఇప్పటికీ మంచి ప్రాసెసర్. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నాగలి కట్టాల్సిన ఎద్దుని తెచ్చి గానుగకి కట్టింది నేను.

పైసా ఖర్చు లేని దారి

ముందు అదే చెప్పాను. కెమెరాలో 4:2:2 తీసేసి 4:2:0 10 బిట్ పెట్టుకోండి, ఉన్న గ్రాఫిక్స్ కార్డే విప్పుతుంది, నత్తి పోతుంది. యజమాని ముఖం వెలిగింది, కొడుకు ముఖం మాడింది. లాగ్‌లో, అంటే తరవాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పటి బొమ్మగా తీసి గ్రేడింగ్ చేసుకునేవాడు, కెమెరా కొన్నదే దానికి అన్నాడు. సరే, అతని పని అతనికి తెలుసు. పైగా అప్పటికే తీసేసిన పెళ్లిళ్లు పదకొండు మిక్సింగ్ కాకుండా ఉన్నాయి, వాటిని మార్చలేం కదా. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికైన నకళ్లు చేసుకోవడం ఇంకో దారి. కానీ ప్రాక్సీలు తయారుచెయ్యాలన్నా ఆ మడత ఒకసారి విప్పాల్సిందే. సీజన్‌లో కెమెరా కార్డు దించగానే పని మొదలుపెట్టే చోట అది కుదరదు.

ఇంటెల్ ఆర్క్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి పక్కన పెడితే రైజెన్‌కే క్విక్ సింక్ వస్తుంది. ప్రీమియర్‌కి అది మంచి ఉపాయమే. కానీ విశాఖలో నేను అడిగిన చోట ఆ వారం స్టాకు లేదు. ఎడియస్ 9తో దాన్ని పరీక్షించి చూడకుండా కస్టమర్ డబ్బు పెట్టించడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇక మిగిలింది ప్రాసెసర్ మార్చడం. ఏది అన్నదే ప్రశ్న.

పనినే మోసుకెళ్లాం

చిప్పులు తెప్పించి పరీక్షించే స్తోమత నాలాంటి చిన్న షాపుకి ఉండదు. అందుకని తిరగేసి ఆలోచించాను. చిప్పు మన దగ్గరికి రాకపోతే పనే చిప్పు దగ్గరికి పోతుంది. వాళ్ల ఫిబ్రవరి పెళ్లి నుంచి జీలకర్ర-బెల్లం మొదలు తలంబ్రాల దాకా పది నిమిషాలు కోసి, మూడు కెమెరాల ఒరిజినల్ ఫైళ్లతో సహా ఒక ఎస్‌ఎస్‌డీలో వేశాను. కొత్త కెమెరాలు రెండు, పాత 8 బిట్ కెమెరా ఒకటి. దానితో పాటు ఎడియస్‌లో ఒక గంట హెచ్‌డీ ట్రెడిషనల్ ప్రాజెక్టు, ఫొటోషాప్‌లో 40 ఆల్బమ్ షీట్లు. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3600×10800, దగ్గర దగ్గర 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. ఫోల్డర్ పేరు "జీలకర్ర" అని పెట్టాడు కుర్రాడు.

1660 సూపర్ కార్డుని ఊడదీసి సంచిలో వేసుకున్నాను. ఎక్కడికెళ్లినా అదే కార్డు పెట్టాలి, లేకపోతే తేడా కార్డుదో ప్రాసెసర్‌దో తెలియదు. ర్యామ్ మాత్రం అన్నిచోట్లా ఒకటే దొరకదు. ఇది ల్యాబ్ పరీక్ష కాదు. ప్రతి పరీక్షా మూడుసార్లు చేసి, మొదటిది వదిలేసి, మిగతా రెండిటిలో నెమ్మదైనది రాసుకున్నాను.

చోట్లు నాలుగు. స్టూడియో రైజెన్. నా షాపులో బిల్లింగ్‌కి వాడే ఐ5-12400. నాకు తెలిసిన సివిల్ ఇంజినీర్ ఆఫీసులో ఐ7-13700ఎఫ్. విశాఖ డీలర్ దగ్గర డెమోకి పెట్టిన ఐ5-14500. నిజం చెప్పాలంటే పరీక్షల కన్నా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇక్కడ తీసి అక్కడ పెట్టడానికే ఎక్కువ సమయం పట్టింది.

సివిల్ ఇంజినీర్ గారి ఐ7 మీద యజమాని చాలా ఆశ పెట్టుకున్నారు. 16 కోర్లు, అందరికన్నా ఖరీదు. కానీ పేరు చివర "ఎఫ్" ఉంది. ఆ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ భాగం పనిచెయ్యదు, దానితో పాటు క్విక్ సింక్ కూడా పోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ కొంటున్నాం కదా, లోపలిది ఎందుకు అని ఎఫ్ తీసుకుంటే కొంత మిగులుతుంది. ఆటలు ఆడే పిల్లలకి అది సరైన బేరం. ఆ ఆఫీసుకి కూడా సరైనదే, ఆటోక్యాడ్‌లో గీతలు గీసే పని ఎక్కువగా ఒక్క కోర్ వేగం మీదే నడుస్తుంది. మిక్సింగ్‌కి మాత్రం ఆ ఒక్క అక్షరం దెబ్బ.

స్టాప్‌వాచ్ చెప్పింది ఇది. ఇవి ఒక్క పెళ్లి అంకెలు, ఊరందరికీ వర్తించవు.

మల్టీకామ్, అంటే మూడు కెమెరాలనీ కలిపి రెండు నిమిషాలు ఆడిస్తే సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో మొత్తం 3000 ఫ్రేములు. ఎన్ని జారిపోయాయో ప్రీమియర్‌లో డ్రాప్డ్ ఫ్రేమ్ ఇండికేటర్ పెట్టుకుంటే అదే లెక్కచెబుతుంది. రైజెన్ మీద 1140 పోయాయి. ఐ7-13700ఎఫ్ మీద 760. నా షాపు ఐ5-12400 మీద 85. విశాఖ 14500 మీద 9. ఆరు కోర్ల చవక ప్రాసెసర్ 16 కోర్ల ఐ7ని ఇంత తేడాతో దాటడం కళ్లారా చూసేదాకా యజమాని నమ్మలేదు. ఆయన బల్ల మీద చెయ్యివేసి, "మరి పెద్దదెందుకురా నాయనా" అన్నారు.

ఎడియస్‌లో గంట హెచ్‌డీ ఎక్స్‌పోర్ట్: రైజెన్ మీద 29 నిమిషాలు, 13700ఎఫ్ మీద 25. గడి వెలిగిన చోట కథ వేరు, 12400 మీద 14, 14500 మీద 11. ప్రీమియర్‌లో పది నిమిషాల 4కే ఎక్స్‌పోర్ట్ రైజెన్ మీద పదకొండున్నర, 14500 మీద ఆరున్నర, మిగతావి మధ్యలో. ఫొటోషాప్ షీట్లకి మాత్రం నాలుగు చోట్లా ఐదు నుంచి ఆరు నిమిషాలు. అక్కడ ఏ ప్రాసెసర్ అయినా ఒకటే అన్నంత దగ్గర.

12400కీ 14500కీ తేడా కోర్ల సంఖ్యలోనే లేదు. 12400 లోపలి గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 730, అందులో మడత విప్పే ఇంజిన్ ఒకటి. 14500లో యూహెచ్‌డీ 770, ఇంజిన్లు రెండు. ఇంటెల్ సైటులో ప్రతి ప్రాసెసర్ పేజీలో ఆ లెక్క ఉంటుంది, ఎవరూ కిందిదాకా చదవరు. 12400కీ 12500కీ కూడా ఆరేసి కోర్లే, అసలు తేడా ఆ ఇంజిన్ల దగ్గరే. డీలర్లు కౌంటర్లో ఈ మాట చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు.

ఐ9 ఎందుకు వద్దన్నానంటే

14500 ధర అప్పట్లో ఐ9-14900కే ధరలో సగానికన్నా తక్కువ. ఐ9లోనూ ఉన్నది అదే యూహెచ్‌డీ 770, అవే రెండు ఇంజిన్లు. మా పని ఆగుతున్న చోట అది అదనంగా ఇచ్చేది దాదాపు ఏమీ లేదు. రెండోది వేడి. 14500 గరిష్ఠంగా తాగేది 154 వాట్లు, 14900కే 253. వాళ్ల గదిలో కరెంటు పోతే ముందు ఆగేది ఏసీ. యూపీఎస్ మీద ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే ఆ వంద వాట్ల తేడా చిన్నది కాదు.

మూడోది, ఆ రోజుల్లోనే 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని వోల్టేజీ వల్ల దెబ్బతిని క్రాష్ అవుతున్నాయన్న గొడవ నడుస్తోంది. ఇంటెల్ తరవాత తప్పు ఒప్పుకుని, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చి, ఆ ప్రాసెసర్లకి వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ జాబితా ఐ5లో 13600కే, 14600కేల నుంచి పైకి ఉంది, 14500 అందులో లేదు. దీనికి సరిపడే బీ760 మదర్‌బోర్డుల్లో పాత రకం డీడీఆర్4 ర్యామ్ పట్టేవి ఉండటం కూడా కలిసొచ్చింది, పాత ర్యామ్‌లో సగం దీనికే వాడాం.

రైజెన్‌ని అమ్మనివ్వలేదు. ఫొటోషాప్‌లో తేడా లేదని చూశాం కదా, దాన్ని రెండో గదిలో ఆల్బమ్ బల్ల మీదికి మార్చాం. 64 జీబీ చెరి సగం పంచాం. తీరా 1660 కార్డు కొత్తదానికి పోయేసరికి రైజెన్‌కి బొమ్మ చూపించే దిక్కు లేదు. దానికోసం ఒక చవక కార్డు కొనాల్సి వచ్చింది. ఈ ఖర్చు నేను ముందు లెక్కలో వెయ్యడం మర్చిపోయాను, అందుకని నా లేబర్ చార్జీలో తగ్గించుకున్నాను.

బిగించిన రోజు

జులై ఆఖర్లో బిగించాం. "జీలకర్ర" ఫోల్డర్ తెరిచి ప్లే నొక్కితే మళ్లీ నత్తి. కుర్రాడు నా వైపు చూశాడు. నాకు చెమటలు. టాస్క్ మేనేజర్‌లో ఎన్విడియా కార్డు ఒక్కటే కనిపిస్తోంది, ఇంటెల్ గ్రాఫిక్స్ జాడ లేదు. విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని వాటంతటవే ఆపేస్తాయి. బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నది ఆన్ చేసి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌కి ఇంటెల్ టిక్కు ఉందో లేదో చూశాక ఫ్రేములు నిలబడ్డాయి. క్విక్ సింక్ ఉన్న ప్రాసెసర్ కొని, ఇది తెలియక ఏళ్లతరబడి వాడుకోని స్టూడియోలు ఇంకా ఉంటాయని నా అనుమానం.

వారం తరవాత ఇంకోటి. ఎడియస్ ఎక్స్‌పోర్ట్ పెట్టి ఆ విండోని కిందికి దించేసి (మినిమైజ్ చేసి) వేరే పని చేసుకుంటే, 11 నిమిషాలది 17 పడుతోందన్నాడు కుర్రాడు. ఈ ప్రాసెసర్‌లో పెద్ద కోర్లు ఆరు, చిన్న కోర్లు ఎనిమిది. తెర మీద లేని పనిని విండోస్ చిన్న కోర్లకి తోసేస్తుంది. పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌కి మార్చితే సర్దుకుంది.

శ్రావణం వచ్చింది. పేరుకుపోయిన పదకొండు పెళ్లిళ్లూ, కొత్తవీ కలిపి దసరా వెళ్లాక విజయనగరంలో జరిగే సిరిమానోత్సవం లోపు ఇచ్చేశారు. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పోవడం మానేశారు, సాయంత్రమే అయిపోతోంది.

ఒక్క చోట మాత్రం ఇంకా ముల్లు ఉంది. చీపురుపల్లి వైపు నుంచి కార్డులు పంపే కెమెరామన్ ఒకరు ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో, అంటే హెచ్.264లో, 4:2:2 10 బిట్ తీస్తారు. పేరులో ఒక్క అక్షరమే తేడా, కానీ ఆ మడత 14500కి తెలియదు. ఆయన పెళ్లి టైమ్‌లైన్ మీదికి వస్తే మళ్లీ పాత నత్తే. 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డులకి అది తెలుసు. కొందామా అని యజమాని అడుగుతున్నారు. ఒక్క మనిషి ఫైళ్ల కోసం కార్డు మార్చేముందు ఆయనకే ఒక మాట చెప్పి చూడండి అన్నాను. ఇప్పుడు స్టూడియో గుమ్మం పక్కన గోడమీద, హార్డ్‌డిస్కులు దించే చోట, కుర్రాడి చేతిరాతతో ఒక కాగితం అతికించి ఉంది: "ఫైల్ ఫార్మాట్ హెచ్‌ఎస్ పెట్టండి. ఎస్ వద్దు."